పుస్తకం మీద పేరుంది సరే, మిమ్మల్ని పట్టుకునేదెట్లా?

పోయిన నెల ఎవరికో జవాబు చెప్తా, పుస్తకాలు వేసుకున్న రచయితలకి సొంత వెబ్‌సైట్ ఉండాలి అని ఒక మాట అన్నాను. ఇంక ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. కొందరు ఒప్పుకున్నారు, కొందరు తగువుకొచ్చారు. అందుకని ఈ నెల మొత్తం ఆ సంగతే.

ప్రశ్న: నమస్తే అమ్మా. నేను రిటైరైన తెలుగు టీచర్ని, మాది తిరుపతి కొర్లగుంట. రెండు కథల పుస్తకాలు, ఒక నవల వేసుకున్నాను, అన్నీ సొంత డబ్బుతోనే. మావాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్, ఫోన్ చేసినప్పుడల్లా నీకొక వెబ్‌సైట్ పెడతా నాయినా అంటా ఉంటాడు. నాకు ఫేస్‌బుక్కులో ఐదువేల మంది ఉండారు, ఇంక చేర్చుకోడానికి చోటు కూడా లేదు. కథ పెడితే లైకులొస్తాయి, బాగుంది సార్ అంటారు. వెబ్‌సైట్ అంటే హోటళ్ళకీ కాలేజీలకీ గానీ కథలు రాసుకునేవాడికి ఎందుకు? వాడికి చెప్పలేక మిమ్మల్ని అడగతా ఉండాను.
— ఒక రిటైర్డ్ టీచర్, తిరుపతి

జవాబు: అయ్యవారూ, ఆ ఐదువేల మందికీ మీరెవరో ముందే తెలుసు, వాళ్ళ కోసమైతే వెబ్‌సైట్ అక్కర్లేదు. మీరెవరో తెలీకుండా మీ కథ మాత్రం చదివినవాళ్ళు ఉంటారే, వాళ్ళ సంగతి చూద్దాం.

మన పక్కనే తమిళనాడు కదా. వేలూరులోనో తిరుత్తణిలోనో తెలుగూ తమిళమూ రెండూ బాగా చదవగలిగే ఒకామె ఉందనుకోండి, ఆమెకి ఎక్కడో పాత పుస్తకాల షాపులో మీ మొదటి పుస్తకం దొరికింది, ఒక కథ బాగా నచ్చి తమిళంలోకి తెద్దాం అనుకుంది. మీ పర్మిషన్ కావాలి గదా. పుస్తకం తిరగేసి చూస్తుంది. 0877తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబరు ఒకటుంటుంది, దాన్ని మీరు సరెండర్ చేసి ఎన్నేళ్ళయిందో. అడ్రసు చూస్తే అప్పట్లో బాడిగకున్న ఇల్లు. పబ్లిషర్‌ని అడుగుదామా అంటే అక్కడ మీ ఇంటావిడ పేరు మీద ఫలానా పబ్లికేషన్స్ అని ఉంటుంది, దానికీ అదే అడ్రసు (మన తెలుగు రచయితల్లో సగం మంది పబ్లిషర్లు వాళ్ళ భార్యలే, పాపం ఆ సంగతి వాళ్ళలో కొందరికి తెలీదు కూడా). సరే అని ఫేస్‌బుక్కులో వెతికితే మీ పేరుతో బోలెడు మంది, తిరుపతి వాళ్ళు కాబట్టి అందరి ప్రొఫైల్ ఫోటో వెంకటేశ్వరస్వామే, ఏ స్వామి మీరో ఆమెకెట్లా తెలుస్తుంది? ధైర్యం చేసి ఒకాయనకి మెసేజ్ పెడుతుంది, నిజంగా అది మీరే అయినా, తెలియనివాళ్ళ మెసేజీలు పడే చోటు వేరే ఉంటుంది, దాన్ని మీరు ఎప్పుడన్నా తెరిచి చూశారా? వారం చూసి ఆమె ఇంకొకరి కథ తీసుకుంటుంది. మీకు అసలు ఇట్లా ఒకటి జరిగిందని కూడా తెలీదు.

యూనివర్సిటీ పిల్లలదీ ఇదే గోడు. మన ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో సీమ కథ మీద పరిశోధన చేసే అమ్మాయికి మీ కథ ఏ పత్రికలో, ఏ సంవత్సరం, ఏ నెలలో వచ్చిందో కావాలి. పుస్తకంలో మీరు ముందుమాటలు నాలుగు వేయించుకునుంటారు గానీ ఈ వివరం వేసుండరు. వేసినా 'వివిధ పత్రికల్లో ప్రచురితం' అని ఒక ముక్క.

పత్రికలు ఉంటాయిలే, వెతుక్కుంటారులే అంటారేమో. ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయినాయి, వాటిల్లో రాసినవాళ్ళు సొంత కథ కోసం లైబ్రరీల చుట్టూ తిరిగిన రోజులున్నాయి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు, తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒకచోట చేర్చాలని, ఈ పొద్దు నెట్‌లో కూడా వెతుక్కోవచ్చు. ఎంతో పెద్ద పని అది. కానీ అందరి కథల కోసం ఒకాయన అంత చేస్తే మన సొంత కథల లిస్టు మనం రాసిపెట్టుకోలేమా? మీ కథల పూర్తి పట్టిక తయారు చెయ్యగలిగేది మీరొక్కరే, అదీ గుర్తున్నన్నాళ్ళే. నన్నడిగితే రచయిత వెబ్‌సైట్‌లో అన్నిటికన్నా విలువైన పేజీ అదే, ఫోటోలూ సన్మానాలూ దాని తర్వాతే.

ఇంక ఫేస్‌బుక్కు సంగతి. అక్కడ మానెయ్యమని నేను చెప్పను, చదివేవాళ్ళు అక్కడే ఉంటే మనమూ అక్కడికి పోవాల్సిందే. కానీ మూడేళ్ళ కింద మీరు పెట్టిన కథని ఇప్పుడు మీరే వెతికి చూడండి, ఎంతసేపటికి దొరుకుతుందో. మీకే దొరక్కపోతే ఇంకొకడికి ఏం దొరుకుతుంది. ఆర్కుట్ గుర్తుందా? 2014 సెప్టెంబరులో మూసేశారు. గూగుల్ ప్లస్ 2019లో పోయింది. యాహూ గ్రూపుల్లో తెలుగు సాహిత్యం మీద ఎంతెంత చర్చలు జరిగేవో అప్పటివాళ్ళకి తెలుసు, పాత మెసేజీలన్నీ తీసేస్తాం దించుకునేవాళ్ళు దించుకోండి అని 2019లో చెప్పి 2020 డిసెంబరుకి మొత్తం ఎత్తేశారు. అదే 1998లో మొదలైన ఈమాట అనే నెట్ పత్రిక చూడండి, పాత సంచికలు ఇప్పటికీ దాని సొంత అడ్రసులోనే దొరుకుతాయి. ఆ అడ్రసు వాళ్ళది, అంతే తేడా.

పుస్తకాలు అమ్ముడుపోతాయా అని మీరు అడగలేదు గానీ అడగబోతారు. పెద్దగా పోవు. ఐదొందల కాపీలు వేసి, ఆవిష్కరణ సభలో సగం పంచి, మిగతాది మంచం కింద పెట్టుకునే మనకి వెబ్‌సైట్ వచ్చి అద్భుతాలేం చెయ్యదు. కాకపోతే ఎవరన్నా 'సార్ మీ పుస్తకం యాడ దొరుకుతుంది' అని వెతికితే అక్కడ ఒక జవాబు ఉంటుంది, పుస్తకం వెల, పోస్టేజీ కలిపి ఎంత, వాట్సాప్ నంబరు ఏది, యూపీఐ క్యూఆర్ కోడ్ ఒకటి. షాపుకిస్తే పోయే కమీషన్ మిగులుతుంది, పుస్తకం కొన్నదెవరో కూడా మీకు తెలుస్తుంది. నెలకి రెండు కాపీలు పోయినా మంచం కింద నుంచి పోయినట్టేగా.

ఇంకొక్కటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీ పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారు? సుబ్రహ్మణ్యం అనే పేరుకి మన ఊర్లోనే నాలుగైదు స్పెల్లింగులుంటాయి, హెచ్ ఉండేదొకటి లేనిదొకటి, చివర తమిళం వాళ్ళ లాగా రాసేదొకటి. వెతికేవాడు ఏది కొడతాడో తెలీదు. మీ పరిచయం పేజీలో తెలుగు పేరు, కలం పేరు, ఇంటి పేరుతో కలిపి, ఇంగ్లీషులో వాడుకలో ఉన్న స్పెల్లింగులు అన్నీ ఒకచోట రాయండి. ఊరు పేరు కూడా. పక్కనే మీ మంచి ఫోటో ఒకటి పెద్ద సైజుది పెట్టండి, స్వామివారిది కాదు మీది, పత్రికల వాళ్ళు అర్ధరాత్రి ఫోటో పంపండి సార్ అని ఫోన్ చెయ్యకుండా అక్కడి నుంచి తీసుకుంటారు.

మీ అబ్బాయిని పెట్టమనండి.

ప్రశ్న: అక్కా, వెబ్‌సైట్ చేసిస్తానని మా వీధిలో ఒక అబ్బాయి పాతిక వేలు చెప్పినాడు, ఏడాదికి మళ్ళీ ఎనిమిది వేలు మెయింటెనెన్సు అంట. నా కవితల పుస్తకం అచ్చుకే అంత కాలేదు. ఇది న్యాయమేనా?
— ఒక కవి, పుత్తూరు

జవాబు: నగల షాపుకైతే న్యాయమేనేమో తమ్ముడూ, కవికి అంత పని ఏముంది అందులో! నీక్కావాల్సింది నాలుగైదు పేజీలు. డొమైన్ అంటారే, నీ పేరుతో ఉండే ఆ అడ్రసు, దానికి మాత్రం ప్రతి ఏడూ కట్టాలి, డాట్ ఇన్ గానీ డాట్ కామ్ గానీ మామూలు పేరైతే వెయ్యి రూపాయలకి అటూ ఇటూ. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి రెండో ఏడాది నుంచి పెంచేవాళ్ళున్నారు, రెన్యువల్ రేటెంతో ముందే చూసుకో. పేజీలు పెట్టుకోడానికి బ్లాగర్ ఉంది, ఊరికే వస్తుంది, దానికి నీ సొంత డొమైన్ తగిలించుకోవచ్చు. అది కూడా గూగుల్‌దే గదా, రేపు మూసేస్తే అంటావా, మూసెయ్యొచ్చు, అందుకే డొమైన్ నీది ఉండాలంటున్నా. ఉన్నదంతా ఒక ఫైలుగా దించుకుని వర్డ్‌ప్రెస్‌కో ఇంకోదానికో మార్చుకున్నా నీ అడ్రసు మాత్రం అదే ఉంటుంది, పుస్తకం వెనక వేసింది మార్చక్కర్లేదు.

ఎవరితో చేయించుకున్నా డొమైన్ మాత్రం నీ పేరు మీద, నీ మెయిల్ తోటి, నీ ఫోన్ నంబరు తోటి కొనాల. ఇదొక్కటి మాత్రం గట్టిగా పట్టుకో. ఆ అబ్బాయి పేరు మీద కొంటే, రేపు అతను ఉద్యోగం వచ్చి హైదరాబాద్ పోయినాడంటే నీ అడ్రసు అతనితో పోతుంది. రెన్యువల్ మర్చిపోయినా అంతే, గడువు దాటి వదిలేసిన పేర్లని కాసుకుని కూర్చునేవాళ్ళుంటారు, నీ కవితల కోసం వచ్చినవాళ్ళకి అక్కడ రమ్మీ ఆట కనబడుతుంది. రెండు మూడేళ్ళకి ఒకేసారి కట్టెయ్. తెలుగు అక్షరాల్లోనే డాట్ భారత్ అని కూడా డొమైన్ ఉంది, ముచ్చటగానే ఉంటుంది గానీ ఫోన్‌లో చెప్పి కొట్టించేటప్పుడు తంటా, కావాలంటే రెండోదిగా పెట్టుకో.

ప్రశ్న: మేడమ్, నా కవితా సంపుటాలు రెండింటి పేజ్‌మేకర్ (పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్) ఫైళ్ళు డీటీపీ ఆయన దగ్గర పెన్‌డ్రైవ్‌లో తీసుకున్నాను. కంప్యూటర్‌లో తెరిచి కాపీ చేసి పెడితే అంతా పిచ్చి పిచ్చి ఇంగ్లీషు గుర్తులు వస్తున్నాయి. ఆయన్ని అడిగితే అను ఫాంట్ లేదు అందుకే అంటున్నాడు. పీడీఎఫ్ చేసి పెట్టేస్తే సరిపోతుంది కదా?
— ఒక రచయిత్రి, చిత్తూరు

జవాబు: పీడీఎఫ్ పెడితే కళ్ళకి కనబడుతుంది గానీ వెతికితే దొరకదు మేడమ్, తిప్పలంతా అక్కడే. అను లాంటి పాత ఫాంట్లు ఎట్లా పనిచేస్తాయంటే, లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, పైకి మాత్రం వాటి స్థానంలో తెలుగు బొమ్మ చూపిస్తాయి. ఆ ఫాంటు లేనిచోట బొమ్మ పోయి గుర్తులు బయటపడతాయి. మీ కంటికి 'వాన' అని ఉన్నది గూగుల్‌కి ఏదో చెత్త లాగా కనబడుతుంది. యూనికోడ్ అయితే ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతా ఒకటే నంబరు, ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగే. ఏళ్ళ తరబడి మన పుస్తకాలు ఎక్కువగా అను లాంటి ఫాంట్లలోనే కంపోజ్ అయినాయి కాబట్టి మనవాళ్ళ సాహిత్యం చాలావరకు అచ్చులో ఉండి నెట్‌లో లేనట్టే లెక్క, దీని గురించి ఎవరూ పెద్దగా బాధపడినట్టు కూడా కనబడరు, నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

చెయ్యాల్సిందేంటంటే, అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, మీ ఫైలు అనులో ఏ వెర్షన్‌తో చేసిందో డీటీపీ ఆయన్ని అడిగి దానికి సరిపోయేది వాడండి, లేకపోతే సగం అక్షరాలు తారుమారవుతాయి. సరైనది వాడినా అంతా సాఫీగా రాదు, ఒత్తులు పక్కకి జరుగుతాయి, క్ష, ఱ లాంటివి ఎగిరిపోతాయి, కోట్ గుర్తులు ఇంకేదో అవుతాయి, అందుకని పుస్తకం పక్కన పెట్టుకుని అచ్చుకి ప్రూఫు చూసినంత శ్రద్ధగా చూసుకోవాలి. కవితలకైతే పాదాలు ఎక్కడ విరిగినాయో కూడా చూడాల, మార్చేటప్పుడు లైన్లు కలిసిపోతాయి. ఫైలు అసలు లేనివాళ్ళు, పాత పత్రిక కటింగులు మాత్రమే ఉన్నవాళ్ళు శుభ్రంగా ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు దానంతట అదే చదువుకుని టైపు చేసిస్తుంది, తప్పులుంటాయి గానీ మొత్తం మళ్ళీ కొట్టడం కన్నా నయం.

అక్షరాలు అందంగా లేవని బెంగ పెట్టుకోవద్దు. మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన ఇట్లా మంచి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఊరికే దొరుకుతాయి. చదివేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్‌లోనే చదువుతారు, కాస్త పెద్ద సైజు పెట్టండి. ఆ పెన్‌డ్రైవ్‌ని మాత్రం ఇంకో రెండు చోట్ల కాపీ చేసుకోండి ముందు, పేజ్‌మేకర్‌ని అడోబీ వాళ్ళు ఎప్పుడో వదిలేశారు, రేపు ఆ ఫైలు తెరిచే కంప్యూటర్ దొరకడమే కష్టమవుతుంది.

ప్రశ్న: పత్రికలో అచ్చయిన నా కథని నా సొంత సైట్‌లో పెట్టుకుంటే పత్రిక వాళ్ళు కేసు వేస్తారని ఒక ఫ్రెండ్ భయపెట్టాడు. నిజమేనా?
— ఒక కథకుడు, శ్రీకాళహస్తి

జవాబు: మీరు ఆ పత్రికలో జీతానికి పనిచేస్తా రాసింది కాకపోతే, బయటి నుంచి పంపిన కథకి మొదటి హక్కుదారు మీరే, 1957 కాపీరైట్ చట్టం ఆ మాటే చెప్తుంది. హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే కాగితం మీద మీ సంతకం ఉండాలి, నోటిమాట చెల్లదు. ఎంతకాలానికో రాయకుండా ఇచ్చినా అది ఐదేళ్ళకే అని లెక్క. కాబట్టి మీరు ఏదన్నా సంతకం పెట్టారా లేదా అన్నది గుర్తు తెచ్చుకోండి. బహుమతి కథల పోటీల్లో సర్వహక్కులూ మావే అనే రూలు ఉంటుంది కొన్నిసార్లు, రూల్సు ఎవరూ చదవరు, బహుమతి ఎంతో మాత్రం చూస్తారు. సందేహంగా ఉంటే ఎడిటర్‌కి ఒక మెయిల్ పెట్టండి, చాలామంది ఫలానా సంచికలో వచ్చింది అని వేసుకోమనే అంటారు.

పత్రిక పేజీని స్కాన్ చేసి అట్లాగే పెట్టొద్దు. కథ మీదే గానీ పక్కన బొమ్మ ఆర్టిస్టుది, పేజీ అమరిక పత్రిక వాళ్ళది. అక్షరాలు టైపు చేసి పెట్టండి.

దీనికన్నా ఎక్కువమంది దెబ్బతినేది రెండోవైపు. కొత్త కథ రాసిన వేడిలో ముందు సైట్‌లో పెట్టేస్తారు, తర్వాత పత్రికకి పంపుతారు. కథతో పాటు పంపే హామీపత్రంలో ఏం రాస్తాం మనం? 'ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు' అని. సైట్‌లో పెట్టింది ప్రచురించినట్టే చూస్తారు, ఈమధ్య పోటీల ప్రకటనల్లో బ్లాగుల్లో, సోషల్ మీడియాలో వచ్చినవి పంపొద్దని విడిగా వేస్తున్నారు కూడా. అందుకే కొత్తది పత్రికకి, అచ్చయింది సైట్‌కి. ఉన్నవన్నీ కుమ్మరించక్కర్లేదు, పుస్తకంలోవి రెండో మూడో మంచివి పూర్తిగా పెట్టండి, మిగతావాటి పేర్లూ వివరాలూ పట్టికలో ఉంటే చాలు.

ప్రశ్న: మా నాన్న కవి, 2021లో పోయారు. నాలుగు పుస్తకాలు ఎక్కడా దొరకవు, ఇంట్లో ఒక్కో కాపీ ఉంది. ఆయన పేరుతో మేము వెబ్‌సైట్ పెట్టొచ్చా అక్కా? నేనూ ఇద్దరు అన్నలూ ఉన్నాం.
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: తప్పకుండా పెట్టొచ్చమ్మా. రచయిత పోయిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్ళు హక్కులు వారసులవి, మీ నాన్నగారివి 2081 డిసెంబరు దాకా మీవే, ఆయన వేరేగా వీలునామా రాసి ఉంటే తప్ప. ముగ్గురూ వారసులైతే ముగ్గురూ ఒప్పుకున్నట్టు ఒక కాగితం రాసుకుని సంతకాలు పెట్టుకోండి, ఇప్పుడు అన్నదమ్ములు బాగానే ఉంటారు, రేపు ఎవరన్నా పాఠ్యపుస్తకంలోకో సినిమాలోకో అడిగితే అప్పుడు గుర్తొస్తాయి హక్కులు. అనుమతుల కోసం ఎవరితో మాట్లాడాలో ఒకే ఒక్క మెయిల్ అడ్రసు పెట్టండి. మామూలుగా కవి పోయినాక ఆయన కవిత సంకలనంలో వేసుకుందామన్నా పిల్లలు ఎక్కడున్నారో తెలీక వదిలేస్తారు, ఉన్న కాస్త పేరూ అట్లాగే పోతుంది.

ఉన్న రచయితలకి కూడా చెప్తున్నా, డొమైన్ ఎక్కడ కొన్నారో, పాస్‌వర్డ్ ఏంటో ఇంట్లో ఒకరికి తెలిసేట్టు రాసిపెట్టండి. పొలం కాగితాలు ఎక్కడున్నాయో చెప్తాం గదా.

ప్రశ్న: వెబ్‌సైట్ పెట్టుకుంటే వికీపీడియాలో మన పేజీ వస్తుందా?
— ఒక నవలా రచయిత, తిరుపతి

జవాబు: రాదండి. మన గురించి వేరేవాళ్ళు రాసింది కావాలి వాళ్ళకి, పత్రికల్లో సమీక్షలు, వ్యాసాలు, అట్లాంటివి. మన సైట్‌లో మనం రాసుకున్నది అందుకు పనికిరాదు, మన పేజీ మనమే పోయి రాసుకోవడమూ అక్కడ పద్ధతి కాదు. 2003 నుంచి తెలుగు వికీపీడియా నడుస్తా ఉంది, ఊరికే టైమ్ పెట్టి రాసేవాళ్ళు వాళ్ళు, వాళ్ళకి సాయం చెయ్యాలనుంటే మీ మీద వచ్చిన సమీక్షలు ఏ పత్రికలో ఏ తేదీన వచ్చాయో మీ సైట్‌లో లిస్టు పెట్టండి, రాసేవాళ్ళు ఆ పత్రికలు తీసి చూసుకుంటారు. మీ ఫోటో ఒకటి ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సు రాసి పెట్టండి, అయితే ఆ ఫోటో ఇంకెవరో తీసిందైతే దాని మీద హక్కు ఎవరిదో ముందు తేల్చుకోవాలి.